మందులకు అలవాటుపడ్డ చెరువు

కుడిచేతి నడిమివేలికి రొయ్య ముల్లు గుచ్చుకున్నప్పుడు అచ్చమ్మ పెద్దగా పట్టించుకోలేదు. రేపల్లెకు నాలుగు కిలోమీటర్ల దూరంలో, కాలువ పక్కనున్న రేకుల షెడ్డులో ఆమె పని. అక్కడ నలభైమంది ఆడవాళ్ళు పొద్దున ఆరింటి నుంచి ఐసునీళ్ళలో చేతులు పెట్టి రొయ్యల తలలు తీస్తారు. రొయ్య తల మీద రంపపు పళ్ళలాంటి ముల్లొకటి ఉంటుంది. అది వారంలో రెండు మూడుసార్లయినా గుచ్చుకోని చెయ్యి ఆ షెడ్డులో లేదు. అచ్చమ్మ వేలిని ఐసునీళ్ళలో కాసేపు ముంచి ఉంచి, రక్తం ఆగాక మళ్ళీ పనిలో పడింది. అది జూన్ నెల, మంగళవారం.

సాయంత్రానికి వేలు సలపడం మొదలుపెట్టింది. మర్నాటికి వాచిపోయి పక్క వేళ్ళను తోసింది. ఊళ్ళో ఆర్‌ఎంపీ డాక్టరు ఇంజెక్షను చేసి మూడు రోజులకు బిళ్ళలిచ్చాడు. అవి అయిపోయేసరికి వాపు తగ్గకపోగా ఎరుపు మణికట్టు దాటింది. శనివారం పొద్దున ఆమె ఒళ్ళు కాలిపోతుంటే భర్త ఆశీర్వాదం ఆటోలో రేపల్లె స్టేషనుకు తీసుకొచ్చి తెనాలి రైలెక్కించాడు.

అచ్చమ్మకు యాభై రెండేళ్ళు. ఆమె జబ్బుపడి మంచమెక్కడం ఆశీర్వాదం ఎప్పుడూ చూడలేదు. రైల్లో ఆమె వాచిన చేతిని ఒళ్ళో పెట్టుకుని, పెట్టె కుదిపినప్పుడల్లా కళ్ళు మూసుకుంది. దారంతా ఇద్దరి మధ్యా నడిచింది ఒక్క మాటే.

"చెయ్యి తీసేస్తారంటావా?" అందామె.

"ఊరుకో" అన్నాడతను.

తెనాలిలో ఆటోవాడు తెలిసిన ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. డాక్టరు తనూజ వేలు చూసిన వెంటనే లోపలికి తీసుకెళ్ళి కోసి, చీము తీసింది. ఆ చీములో కొంచెం పరీక్షకు పంపించి సెలైను పెట్టించింది. అప్పట్నుంచి రెండు రకాల మందులు నరంలోకి వెళ్తూనే ఉన్నాయి. ఆదివారం జ్వరం తగ్గలేదు. సోమవారమూ తగ్గలేదు. వేలి చివర నలుపు కనిపించింది.

కింది అంతస్తులో ల్యాబు ఉంది. చీమును పరీక్షించింది అక్కడి ప్రేమకుమారి. పద్నాలుగేళ్ళుగా ఆమె చేస్తున్న పని అదే. రోగి చీములోంచి బ్యాక్టీరియాను చిన్న పళ్ళెంలో పెంచి, పైన రకరకాల మందుల బిళ్ళలు పెట్టి చూస్తుంది. మందు పనిచేస్తే ఆ బిళ్ళ చుట్టూ బ్యాక్టీరియా పెరగదు. అక్కడ గుండ్రంగా ఖాళీ జాగా మిగులుతుంది. పనిచేయకపోతే బిళ్ళను ఆనుకునే పెరుగుతుంది.

మంగళవారం పొద్దున ప్రేమకుమారి అచ్చమ్మ పేరున్న పళ్ళేలు తీసి చూసింది. మొత్తం పన్నెండు బిళ్ళలు. రెండింటి చుట్టూ తప్ప ఎక్కడా ఖాళీ లేదు. ఇలాంటివి ఆమెకు కొత్త కాదు. అయితే అవి నెలల తరబడి ఐసీయూలో ఉండి, ఉన్న మందులన్నీ వాడేసిన రోగులవి. ఇది మాత్రం విబ్రియో. ఉప్పునీళ్ళలో బతికే బ్యాక్టీరియా. ఆమె ముందు పైకి ఫోన్ చేసి పనిచేసే రెండు మందుల పేర్లు డాక్టరుకు చెప్పింది. తర్వాత తలుపు దగ్గరకు వేసి తనే వార్డుకు వెళ్ళింది.

"ఏం పని చేస్తారక్కా?" అని అడిగింది మంచం పక్కన నిలబడి.

"రొయ్యల షెడ్డులో తలలు తీస్తానమ్మా."

"ఇంతకుముందు ఎప్పుడైనా ఆస్పత్రిలో ఉన్నారా? ఆపరేషన్లేమైనా?"

"ఎన్నడూ లేదమ్మా. మా అమ్మాయి కూడా ఇంటికాడే పుట్టింది."

"ఈ రెండు మూడేళ్ళలో మందులు బాగా వాడారా?"

"తలనొప్పి బిళ్ళ తప్ప ఏం ఎరగను."

కొత్త మందు ఎక్కించాక బుధవారానికి జ్వరం దిగింది. కానీ వేలు అప్పటికే చచ్చిపోయింది. డాక్టరు తనూజ ఆ సంగతి ఆశీర్వాదాన్ని పక్కకు పిలిచి చెప్పకుండా అచ్చమ్మకే చెప్పింది.

"వేలు ఉంచితే కుళ్ళు పైకి పాకుతుందమ్మా. వేలు తీసేస్తే చెయ్యి దక్కుతుంది."

అచ్చమ్మ కట్టు వైపు కాసేపు చూసింది. "తీసెయ్యండమ్మా" అంది.

ఆశీర్వాదం వరండాలోకి వెళ్ళి ఆపరేషను అయ్యేదాకా నిలబడే ఉన్నాడు. కుర్చీ ఖాళీగా ఉన్నా కూర్చోలేదు.

పన్నెండో రోజు ఇంటికి పంపించారు. బయల్దేరే ముందు అచ్చమ్మ ల్యాబు ఎక్కడో అడిగి తెలుసుకుని కిటికీ దగ్గరకు వెళ్ళింది. ఆమెకు ఒక సందేహం ఉంది. డాక్టరమ్మ మాటల్లో ఒకటి ఆమె మనసులో అలాగే ఉండిపోయింది. మీ వేల్లో ఉన్న బ్యాక్టీరియాకు మందులన్నీ ముందే అలవాటైపోయాయి అంది డాక్టరమ్మ.

"నేను ఆ మందులేవీ వాడలేదు కదమ్మా. దానికెట్టా అలవాటయ్యాయి?" అని అడిగింది అచ్చమ్మ.

ప్రేమకుమారి లోపలికి వెళ్ళి, టేపు వేసిన మూతతో ఉన్న పళ్ళెం ఒకటి తెచ్చి అద్దం అవతలి నుంచే చూపించింది. బిళ్ళలు చూపిస్తూ ఏది పనిచేసిందో ఏది చేయలేదో చెప్పింది. అచ్చమ్మ నుదురు అద్దానికి ఆనించి చూసింది.

"అక్కా, ఆ రొయ్యల చెరువుల్లో మందులేమైనా వేస్తారా?"

వెనకనున్న ఆశీర్వాదం తల దించుకున్నాడు. అతను పున్నారావు గారి రొయ్యల చెరువు దగ్గర పదకొండేళ్ళుగా ఉంటున్నాడు. కాపలా, మేత చల్లడం, నీళ్ళు తిప్పే ఏరేటర్లు చూసుకోవడం అన్నీ అతని పనే. షెడ్డుకు వెళ్ళకముందు అచ్చమ్మ కూడా నాలుగేళ్ళు అక్కడే చేసింది.

"నా చేత్తోనే కలిపానమ్మా" అంది అచ్చమ్మ. "పట్టా పరిచి మేత గుమ్మరించేవాళ్ళం. తెల్లపొడిని జిగురునీళ్ళలో కలిపి మేత మీద పోసి, చేత్తో బాగా పిసికి నీడన ఆరబెట్టేవాళ్ళం. రొయ్యకి జబ్బొస్తేనే కాదు, రాకుండా కూడా. వారానికి రెండుసార్లు."

"పొట్లం మీద మందు పేరుండేదా?"

"ఉత్త తెల్లకవరు. రొయ్యల మందుల షాపు నుంచి సందీప్ అని ఒకబ్బాయి వచ్చేవాడు. రొయ్యల్ని చూసి ఏది వెయ్యాలో చెప్పి తనే ఇచ్చిపోయేవాడు."

ప్రేమకుమారి పళ్ళేన్ని బల్ల మీద పెట్టింది. "మందు వేసిన ప్రతిసారీ బలం లేని బ్యాక్టీరియా చస్తుందక్కా. తట్టుకున్నది మిగులుతుంది. మిగిలిందే పెరుగుతుంది. ఏళ్ళ తరబడి అట్టా వేసుకుంటూ పోతే చెరువులో ఉండేదంతా ఆ మిగిలినదాని సంతానమే."

"అయితే నా వేలికి దిగింది ఆ చెరువుదేనా?"

"ఆ మాట నేను చెప్పలేను. షెడ్డుకు చాలా చెరువుల సరుకొస్తుంది కదా. నీళ్ళూ రొయ్యలూ పరీక్ష చేస్తే తప్ప తెలీదు."

"ఆ రోజు షెడ్డుకొచ్చింది మా చెరువు సరుకేనండి" అన్నాడు ఆశీర్వాదం. "తెల్లారుజామున నేనే లారీకెక్కించా."

ఆస్పత్రి ల్యాబులో చెరువు నీళ్ళు పరీక్ష చేయడం కుదరదు. కానీ బాపట్లలో తనకు చదువు చెప్పిన వెంకట్రామయ్య మేష్టారు ఇంకా కాలేజీలోనే ఉన్నారనీ, అడిగితే కాదనరనీ ప్రేమకుమారి చెప్పింది. తన ఫోన్ నంబరు చీటీ మీద రాసిచ్చింది.

ఇంటికొచ్చాక ఆశీర్వాదం ఒక మాట అన్నాడు. చెరువు దగ్గర ఉండేది తనే కాబట్టి, సీసాడు నీళ్ళు పట్టుకొస్తే ఎవరికీ తెలీదని.

"దొంగతనంగా తేవాల్సిన ఖర్మేంటి?" అంది అచ్చమ్మ. "అడుగుదాం. ఆయనేం పరాయోడా?"

పున్నారావు చెడ్డమనిషి కాడు. తాతల నాటి నుంచి వరి పండించిన కుటుంబం. పదిహేనేళ్ళ కిందట మురుగుకాలువలోంచి ఉప్పునీళ్ళు ఎగదన్ని మాగాణి చౌడుబారితే అయిదెకరాల్లో రొయ్యల చెరువు తవ్వించాడు. అచ్చమ్మ ఆస్పత్రిలో ఉన్నప్పుడు రెండుసార్లు వచ్చి చూసి వెళ్ళాడు. ఇంటికి తీసుకురావడానికి కారు పంపించాడు. ఆయన భార్య సీతారావమ్మ పదిరోజులు క్యారేజీ పంపింది.

అచ్చమ్మ వెళ్ళేసరికి ఆయన చెరువు గట్టు మీద పాక ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. రొయ్యల పట్టుబడి అయిపోయిన చెరువులో నీళ్ళు అడుగుకు చేరాయి. ఆమె చెయ్యి చూసి ఆయన ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

"నొప్పి తగ్గిందా?"

"తగ్గిందండయ్యా." ఆమె నిలబడే ఉంది. "మిమ్మల్ని ఒకటి అడగాలని వచ్చా. చెరువులో నీళ్ళు ఒక సీసాడు ఇస్తే బాపట్లలో పరీక్ష చేయిస్తామంటున్నారు, తెనాలి ఆస్పత్రిలో ల్యాబు మేడమ్ గారు. నా వేలికొచ్చిన పురుగు ఇక్కడిదేనో కాదో తెలుస్తుందంట."

పున్నారావు కుర్చీలో సర్దుకున్నాడు. "ఎందుకమ్మా అది? తెలిస్తే వేలొస్తుందా?"

"రాదండి. మా ఆయన ఇంకా ఈ నీళ్ళలోనే దిగుతున్నాడు కదండి."

"నా సరుకు పట్టుబడికి ముందు టెస్టుకిచ్చాం అచ్చమ్మా. మందు ఆనవాలే లేదని కాయితమిచ్చారు. కావాలంటే చూపిస్తా. ఆఖరి మూడు వారాలూ మందు ముట్టుకోం." ఆయన గొంతు కొంచెం పెరిగింది. "నువ్వు బాధపడ్డావు, నాకూ బాధే. కానీ ఫలానా పున్నారావు చెరువులో పురుగుందని ఒక్క మాట బయటికెళ్తే నా రొయ్య ఎవరూ కొనరు. నాదే కాదు, ఈ చుట్టుపక్కల ఎవరిదీ కొనరు. షెడ్డు మూతపడుద్ది. అప్పుడు మీ వాళ్ళే నిన్ను తిడతారు."

ఆ చివరి మాట నిజమేనని అచ్చమ్మకు తెలుసు. ఆస్పత్రి నుంచి వచ్చిన రోజే షెడ్డులో పక్కన కూర్చునే పుల్లమ్మ, "ఆ పురుగు సంగతి ఎక్కడా అనమాకు వదినా, మా నోటికాడ కూడు పోద్ది" అని చెప్పి వెళ్ళింది. అచ్చమ్మ గట్టు దిగి వచ్చేసింది.

ఆగస్టులో పున్నారావు చెరువులో కొత్త రొయ్యపిల్ల వదిలాడు. నలభై రోజులు బాగానే సాగింది. సెప్టెంబరు చివరలో ఒక ఉదయం ఆశీర్వాదం రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే పళ్ళెం నీళ్ళలోంచి పైకి లాగితే మేత అలాగే ఉంది. చెరువు మూలల్లో తెల్లని దారాల్లాంటివి తేలుతున్నాయి. రొయ్య పేగు చెడితే అలా తెల్లని రెట్ట తేలుతుంది. సందీప్ బైకు మీద వచ్చి నాలుగు రొయ్యల్ని అరచేతిలో పెట్టుకుని చూసి, తెల్లకవర్లు రెండిచ్చాడు. అయిదు రోజులు వేశారు. తగ్గలేదు. ఇంకో రకం ఇచ్చాడు. అదీ పనిచేయలేదు. మూడోసారి వచ్చినప్పుడు ఈసారి రెండూ కలిపి రెట్టింపు వెయ్యమన్నాడు.

పున్నారావు పట్టా పరవమన్నాడు. ఆశీర్వాదం పట్టా తెచ్చి పరిచాడు. మేత గుమ్మరించాడు. తెల్లకవరు చేతికిచ్చినప్పుడు మాత్రం అందుకోలేదు.

"నేను కలపనండయ్యా" అన్నాడు.

పున్నారావుకు అర్థం కాలేదు. "ఏంటి?"

"మిగతా ఏ పనైనా చెప్పండి, చేస్తా. ఇది నా చేత్తో కలపను."

పదకొండేళ్ళలో అతను ఆయన మాటకు అడ్డు చెప్పడం అదే మొదలు. పున్నారావు ముఖం ఎర్రబడింది. ఇష్టం లేకపోతే మానెయ్యమన్నాడు. ఆశీర్వాదం గట్టు మీదే నిలబడ్డాడు తప్ప వెళ్ళిపోలేదు. చివరికి పున్నారావే చొక్కా చేతులు మడిచి, పట్టా మీద కూర్చుని జిగురునీళ్ళూ పొడీ కలిపి మేత పిసికాడు. ఆశీర్వాదం దూరం నుంచి చూస్తూ ఉన్నాడు. ఇంటికొచ్చి అచ్చమ్మతో చెప్పినప్పుడు, "కనీసం చేతికి కవరన్నా తొడుక్కోమని చెప్పకపోయావా" అంది.

వారం తిరక్కుండానే రొయ్యలు చచ్చి అడుగున చేరడం మొదలైంది. రోజుకు ఒక గంపెడు, తర్వాత రెండు. పది రోజులు గడిచేసరికి వల వేస్తే సగం కూడా లేవు.

ఆ తర్వాతి గురువారం పొద్దున అచ్చమ్మ వాకిట్లో ఎడమచేత్తో గిన్నెలు తోముతుంటే పున్నారావు బండి వచ్చి ఆగింది. ఆయన వాళ్ళ ఇంటి ముందుకు రావడం అరుదు. ఆమె లేచి కుర్చీ కోసం లోపలికి వెళ్ళబోయింది.

"వద్దులే" అన్నాడు. "ఆ తెనాలి మేడమ్ గారి నంబరు నీ దగ్గరుందా?"

శనివారం ప్రేమకుమారి సెలవు పెట్టి తెనాలి నుంచి బాపట్ల వచ్చింది. పున్నారావు కారులో చెరువు నీళ్ళ సీసాలు, అడుగు మట్టి, ఐసుపెట్టెలో బతికున్న రొయ్యలూ సగం చచ్చినవీ పెట్టుకుని, అచ్చమ్మనూ ఆశీర్వాదాన్నీ ఎక్కించుకుని కర్లపాలెం మీదుగా వెళ్ళాడు. సీతారావమ్మ రాత్రి వండిన రొయ్యల కూర తాను తినలేదని దారిలో ఒకసారి అన్నాడు.

వెంకట్రామయ్య మేష్టారు సన్నగా, పొట్టిగా ఉన్నారు. చేతులకు తొడుగులు వేసుకుని సీసాలు అందుకున్నారు. బుధవారం రమ్మన్నారు.

బుధవారం మళ్ళీ నలుగురూ వెళ్ళారు. మేష్టారు పళ్ళేలను బల్ల మీద వరసగా పెట్టారు. ఒక వరస నీళ్ళది, ఒకటి మట్టిది, ఒకటి రొయ్యలది. చివర విడిగా ఉన్నది అచ్చమ్మ వేల్లోంచి తీసిన బ్యాక్టీరియాది. ప్రేమకుమారి దాన్ని ల్యాబులో భద్రపరిచి ఉంచి, శనివారం తనతో తెచ్చింది. ఈసారి ఎవరూ వివరించనవసరం లేకపోయింది. అచ్చమ్మ ముందుకు వంగి, ఎడమచేతి వేలితో దూరం నుంచే చూపిస్తూ లెక్కపెట్టింది. అన్నింట్లోనూ అవే రెండు బిళ్ళల చుట్టూ ఖాళీ ఉంది. రొయ్యల పళ్ళెంలో అయితే ఆ రెండింటిలో ఒకదాని చుట్టూ ఖాళీ బాగా తగ్గింది.

"ఒకటేనా సార్?" అని అడిగాడు పున్నారావు.

"ఒకే రకం. ఒకే తీరుగా మందులను తట్టుకుంటోంది. నూటికి నూరు పాళ్ళు ఇదే ఆమె వేలికెక్కిందని చెప్పాలంటే దీని జన్యువులు కూడా చూడాలి, అది ఇక్కడ కుదరదు. కానీ వేరే చోటు వెతకాల్సిన అవసరం నాకైతే కనబడటం లేదు."

"మరి నా సరుకు టెస్టులో పాసైంది కదండీ."

"ఆ టెస్టు రొయ్యలో మందు మిగిలిందా లేదా అని చూస్తుందండి. మీరు మూడు వారాల ముందు ఆపారు, మందు మిగల్లేదు. కాయితం అబద్ధం కాదు. మందును తట్టుకున్న బ్యాక్టీరియా ఉందా లేదా అన్నది వాళ్ళు చూడరు. మందు పోయింది, అది మిగిలింది."

పున్నారావు బల్ల అంచు పట్టుకున్నాడు. "మా ఇంట్లో తినేది కూడా ఇవేనండి. చుట్టాలకు పంపించేదీ ఇవే. పోయిన నెల మా అమ్మాయి బిందుకు రెండు కిలోలు పంపించా. దానికి ఏడో నెల."

"బాగా ఉడికిస్తే చస్తుందండి, అందులో అనుమానం లేదు" అంది ప్రేమకుమారి. "భయం పచ్చివాటితోనే. కడిగేటప్పుడు చేతికి గాయం ఉండకూడదు. అదే కత్తిపీటతో కూరగాయలు తరగకూడదు. ఆ నీళ్ళు వేరే గిన్నెల మీద పడకూడదు. అమ్మాయికి ఇప్పుడే ఫోన్ చేసి చెప్పండి."

పున్నారావు బయట చెట్టు కిందకు వెళ్ళి ఫోన్ చేశాడు. రొయ్యలన్నీ ఎప్పుడో తినేశామనీ, అందరూ బాగానే ఉన్నారనీ బిందు చెప్పింది. తిరిగి వచ్చాక ఆయన అచ్చమ్మ వైపు చూసి ఏదో అనబోయి, "పొద్దుపోతోంది, మీరిద్దరూ ఏమన్నా తిన్నారా?" అన్నాడు. కర్లపాలెంలో ఆగి ముగ్గురూ టిఫిన్ చేశారు. అక్కడ, ఇడ్లీ ముందు పెట్టుకుని, ఆయన ఆ మాట అన్నాడు.

"జూన్‌లో నువ్వు అడిగినప్పుడే ఇవ్వాల్సింది."

"ఇచ్చినా వేలు రాదన్నారు కదండి మీరే" అంది అచ్చమ్మ. కోపంగా అనలేదు. కానీ ఆయనకు తేలిక చేయాలనీ చూడలేదు.

ఆ తర్వాత జరిగినవన్నీ ఒకేలా జరగలేదు. పున్నారావు చెరువులో నీళ్ళను కాలువలోకి వదలకుండా బ్లీచింగు కొట్టించి నిలవబెట్టాడు. తర్వాత ఎండగట్టి, సున్నం చల్లి, నేల పగుళ్ళిచ్చేదాకా మూడు నెలలు ఖాళీగా ఉంచాడు. మిగిలిన తెల్లకవర్లు బాపట్లలో మత్స్యశాఖ ఆఫీసులో అప్పగించి, ఎవరిచ్చారో రాసిచ్చాడు. వాళ్ళు వచ్చి షాపు చూశారు. షాపు కొద్దిరోజులు మూసి, మళ్ళీ తెరిచారు. సందీప్ కొన్నాళ్ళు ఆ గట్టు వైపు రాలేదు. పక్క చెరువుల రైతులు ఇద్దరు పున్నారావుతో మాటలు మానేశారు. ఊరి పరువు తీశావని ఒకాయన పెళ్ళిలో అందరి ముందూ అన్నాడు. ఇంకొకాయన మాత్రం ఎవరూ లేనప్పుడు వచ్చి మేష్టారి ఫోన్ నంబరు తీసుకున్నాడు.

ఆశీర్వాదం పని మానలేదు, మానమని ఎవరూ మళ్ళీ అనలేదు. మోచేతుల దాకా వచ్చే తొడుగులు వచ్చాయి. ఫిబ్రవరిలో ఇంతకుముందు వేసేదాంట్లో సగం పిల్ల మాత్రమే వదిలారు. మందు వెయ్యలేదు. మేత తగ్గించి, నీళ్ళు మార్చుకుంటూ, రోజుకు మూడుసార్లు పళ్ళెం చూసుకుంటూ నెట్టుకొచ్చారు. ఏప్రిల్‌లో ఒకసారి తెల్లరెట్ట కనిపించింది. పున్నారావు రెండు రోజులు నిద్రపోలేదు. పాత అలవాటుకు ఫోన్ చేతిలోకి తీసుకుని సందీప్ నంబరు దాకా వెళ్ళి ఆగిపోయానని ఆయనే ఆశీర్వాదంతో చెప్పాడు. మేత ఆపేశారు. వారానికి రొయ్యలు తేరుకున్నాయి, అన్నీ కాదు. జూన్‌లో మామూలు కన్నా తక్కువే పట్టారు. మేష్టారు మళ్ళీ పరీక్ష చేసి, ఆ బ్యాక్టీరియా ఇంకా పూర్తిగా పోలేదని, అయితే ముందున్నంత లేదని చెప్పారు. ఎన్నేళ్ళు పడుతుందని అడిగితే తెలీదన్నారు.

షెడ్డులో పని వేరేగా నడిచింది. తొడుగులు కావాలని అచ్చమ్మ అడిగితే షెడ్డు మేనేజరు తెప్పించాడు. ఆడవాళ్ళే వేసుకోలేదు. చేతులు జారుతున్నాయని, పని సాగడం లేదని తీసి పక్కన పెట్టారు. అచ్చమ్మ ఎవరినీ బతిమాలలేదు. నడిమివేలు లేని చేత్తో తలలు తీయడం ఆమెకు కుదరక, సరుకు ఏరే బల్ల దగ్గర పని ఇచ్చారు. ఆ బల్ల గుమ్మం పక్కనే ఉంది. పొద్దున లోపలికి వచ్చేవాళ్ళు ఆమె ముందు నుంచే వెళ్ళాలి. ఆమె ఒక్కొక్కరినీ చేతులు చూపించమనేది. తెగినచోటు కనిపిస్తే తలలు తీసే వైపు వెళ్ళనిచ్చేది కాదు, తనతో బల్ల దగ్గర ఉంచుకునేది. మొదట్లో విసుక్కున్నారు. పుల్లమ్మ తెగిన బొటనవేలికి పసుపు రాసి దాచిపెట్టి లోపలికి వెళ్ళబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. పుల్లమ్మ రెండు వారాలు ఆమెతో మాట్లాడలేదు. మూడో వారం తొడుగులు వేసుకుని వచ్చింది. మిగతావాళ్ళలో సగం మంది ఆమెను చూసి వేసుకున్నారు. మిగిలిన సగం ఇప్పటికీ వేసుకోరు.

జూలైలో ప్రేమకుమారి ఫోన్ చేసింది. నది అవతల ఊరి నుంచి ఒకామె వచ్చిందని చెప్పింది. పేరు లిఖిత, ఇరవై ఆరేళ్ళు. ఇంట్లో రొయ్యలు వలుస్తుంటే ముల్లు గుచ్చుకుంది. చెరువు పనికీ షెడ్డుకూ ఎప్పుడూ వెళ్ళలేదు. బజారులో కొన్న రొయ్యలే. పళ్ళెం మీద ఈసారి ఒక్క బిళ్ళ చుట్టూనే ఖాళీ ఉంది.

"మీ పున్నారావు గారి చెరువుది కాదక్కా. ఎవరిదో కనుక్కోవడం కూడా కష్టం" అంది ప్రేమకుమారి. "ఆ పిల్ల బాగా భయపడిపోయింది. మందు పనిచేస్తుందని నేను చెప్తే వినడం లేదు. మీరు ఒకసారి రాగలరా?"

అచ్చమ్మ షెడ్డులో చెప్పి మర్నాటి పొద్దుటి రైలెక్కింది. వార్డులో ఆ అమ్మాయి గోడవైపు తిరిగి పడుకుని ఉంది. తల్లి కాళ్ళ దగ్గర కూర్చుంది. అచ్చమ్మ కుర్చీ దగ్గరకు జరుపుకుని తన కుడిచేతిని మంచం మీద పెట్టింది.

లిఖిత తల తిప్పి ఆ చేతి వైపు చాలాసేపు చూసింది.

"నాది కూడా తీసేస్తారా?"

"తెలీదమ్మా. అది డాక్టరమ్మ చెప్తుంది" అంది అచ్చమ్మ. "నేను ఊళ్ళో నాలుగు రోజులు ఊరుకున్నా. నువ్వు ఎన్నో రోజుకొచ్చావు?"

"రెండో రోజే."

"మంచి పని చేశావు. ఏమన్నా తిన్నావా?"

ఆ అమ్మాయి లేదన్నట్టు తల ఊపింది. అచ్చమ్మ ఆమె తల్లిని క్యాంటీనుకు పంపి, ఎడమచేత్తో ఆ అమ్మాయి జుట్టు ముఖం మీద నుంచి వెనక్కు తీసి ముడి వేసింది.